ప్రార్థన, పళ్లెం, బరువు: మా సంఘంలో మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

సికింద్రాబాద్‌లో మా సంఘం నుంచి కొందరం శనివారం పొద్దున్నే కలిసి నడుస్తాం, నడిచాక కాసేపు ప్రార్థన చేసుకుంటాం. బరువు, షుగరు, ఉపవాసం, విందు భోజనాల గురించి అక్కడ వచ్చే సందేహాలే ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గరా, వారం పొడుగునా వాట్సాప్‌లోనూ తిరిగి వస్తుంటాయి. అందుకే అడిగినవాళ్ల మాటల్లోనే వాటిని ఒకచోట చేర్చాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. నేను డాక్టర్ని కాదు. మందుల విషయంలో మీ డాక్టరు గారి మాటే చివరి మాట.

## మొదలుపెట్టే ముందు

దేవుడు హృదయాన్ని కదా చూసేది, నా బరువుతో ఆయనకేం పని?

మొదటి సమూయేలు 16:7లోని ఆ మాట నిజం, దాన్ని గట్టిగా పట్టుకోండి. పది కిలోలు తగ్గారని దేవుడు మిమ్మల్ని ఎక్కువ ప్రేమించడు, పెరిగారని తక్కువా ప్రేమించడు. మన దేహం పరిశుద్ధాత్మకు ఆలయమన్న వాక్యాన్ని (1 కొరింథీ 6:19) లావుగా ఉన్నవాళ్ల మీద ప్రయోగించడం చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ఆ పత్రిక (ఉత్తరం) రాసిన పౌలు అక్కడ జారత్వం గురించి మాట్లాడుతున్నాడు, నడుము కొలత ఆయన మనసులో లేదు. తిండి సంగతికి నేరుగా వచ్చే మాట అదే పత్రికలో 10:31లో ఉంది: "మీరు భోజనముచేసినను పానముచేసినను మీరేమి చేసినను సమస్తమును దేవుని మహిమకొరకు చేయుడి." కీళ్ల నొప్పులతో మోకరించలేకపోతున్న అక్క, నలభై అయిదేళ్లకే స్టెంటు వేయించుకున్న తమ్ముడు ఆరోగ్యంగా ఉండాలని ఆయన కోరుకోడా? ఆ వైపు నుంచి చూస్తే బరువు కూడా ప్రార్థనలో చెప్పుకోదగ్గ విషయమే.

లావుగా ఉండటం పాపమా?

కాదు. థైరాయిడ్ సరిగ్గా పనిచేయకపోయినా, పీసీఓడీ అనే అండాశయ సమస్య ఉన్నా, స్టెరాయిడ్లు గానీ కొన్ని మానసిక వైద్యం మందులు గానీ వాడుతున్నా, నిద్ర చాలకపోయినా బరువు పెరుగుతుంది. వంశంలో వచ్చేదీ ఉంటుంది. తిండిపోతుతనం గురించి సామెతల గ్రంథం హెచ్చరించిన మాట నిజమే (23:20, 21), కానీ ఒళ్లు చూసి అది ఎవరిలో ఉందో తేల్చలేం. ఆరో శతాబ్దానికి చెందిన పోప్ గ్రెగొరీ తిండిపోతుతనం ఐదు రకాలుగా కనబడుతుందని రాశారు: వేళ కాకముందే తినడం, ఖరీదైనవే కోరడం, అతిగా తినడం, ఆబగా తినడం, రుచి కోసం మరీ పట్టుబట్టడం. వీటిలో పరిమాణానికి సంబంధించింది ఒక్కటే. కూరలో ఉప్పు తగ్గిందని భార్య ముందు కంచం తోసేసే సన్నటి మనిషికీ ఇందులో చోటుంది.

నేను నిజంగా తగ్గాలో లేదో ఎలా తెలుస్తుంది?

మన దేశం వాళ్లకు బీఎంఐ (కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె) 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని వైద్యులు లెక్కిస్తారు. 157 సెంటీమీటర్ల ఎత్తున్న స్త్రీ 62 కిలోలుంటే 25 దాటినట్టే. టేపుతో నడుం చుట్టూ కొలిస్తే స్త్రీలకు 80 సెంటీమీటర్లు, పురుషులకు 90 సెంటీమీటర్లు దాటకూడదు. చేతులు, కాళ్లు సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చినవాళ్లు మనలో ఎక్కువ కాబట్టి ఈ టేపు కొలత వదిలేయొద్దు. షుగరు, బీపీ, కొలెస్ట్రాల్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకుని మొదలుపెట్టండి.

ప్రార్థన చేస్తే బరువు తగ్గుతుందా?

ప్రార్థన కేలరీలను కరిగించదు. తిన్నదానికన్నా ఖర్చయ్యేది ఎక్కువైతేనే ఎవరి బరువైనా తగ్గుతుంది. విశ్వాసం సాయపడే చోటు వేరే ఉంది. మా దగ్గరికి వచ్చే చాలామందికి ఏం తినాలో, ఏం తినకూడదో బాగా తెలుసు. ఒక పెళ్లి విందులో అదుపు తప్పుతారు, ఇక సిగ్గుతో వెయిట్ మిషన్ ఎక్కరు, నడకకు రారు, రెండు నెలల తర్వాత కనబడితే తల పక్కకు తిప్పుకుంటారు. వాళ్లను ఆపేసింది బిర్యానీ కాదు, ఆ సిగ్గు. క్రీస్తు యేసునందున్నవారికి శిక్షావిధి లేదన్న రోమా 8:1 తన కంచానికీ వర్తిస్తుందని నమ్మినవాళ్లు మర్నాడే తిరిగి వస్తారు. అలా తిరిగి వచ్చేవాళ్లే చివరికి తగ్గుతారు.

రెండో సాయం తోడు. అమెరికాలో 1981లో హ్యూస్టన్‌లోని ఒక బాప్టిస్టు సంఘం మొదలుపెట్టిన ఫస్ట్ ప్లేస్, 2011లో కాలిఫోర్నియాలోని సాడిల్‌బ్యాక్ చర్చి మొదలుపెట్టిన డేనియల్ ప్లాన్, రెండూ చిన్న చిన్న గుంపులతోనే నడిచాయి. మనకు వారం వారం కలుసుకునే కూడికలు ఎప్పటినుంచో ఉన్నాయి. ఇందులో ఒకరి బాగోగులు ఒకరు అడగడం తప్ప కొత్తగా కట్టాల్సిందేమీ లేదు.

స్వస్థత కూడికలో మందులు మానేయమన్నారు. విశ్వాసంతో మానేయనా?

మానొద్దు. షుగరు, బీపీ, థైరాయిడ్, మూర్ఛ మందులు ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. లూకా వైద్యుడు, పౌలు ఆయన్ని ప్రియుడని పిలిచాడు (కొలొస్సయులకు 4:14). దేవుడు నిజంగా స్వస్థపరిస్తే రక్తపరీక్షలో అది కనబడుతుంది, అప్పుడు డాక్టరు గారే మోతాదు తగ్గిస్తారు. ఆ రిపోర్టు చేతిలోకి వచ్చేదాకా రోజూ మాత్ర వేసుకోండి, రోజూ ప్రార్థించండి.

మౌంజారో ఇంజెక్షన్ తీసుకుంటే నాకు విశ్వాసం తక్కువని అర్థమా?

కాదు. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశానికి వచ్చినప్పటినుంచి ఈ ప్రశ్న బాగా పెరిగింది. ఇవి వారానికొకసారి తీసుకునే మందులు, ఆకలిని తగ్గిస్తాయి. వికారం, వాంతులు, మలబద్ధకం రావచ్చు. ఆపేశాక చాలామందికి బరువు తిరిగి వస్తుంది. అందుకే డాక్టరు రాస్తేనే, వాళ్ల పర్యవేక్షణలోనే వాడాలి. స్నేహితురాలికి పనిచేసిందని ఆమె దగ్గర ఇంజెక్షన్ పెన్ను అరువు తెచ్చుకుని పొడుచుకోవడం ప్రమాదం. ఇంజెక్షన్ మీద ఉన్నవాళ్లు పప్పు, గుడ్డు, చేప, పెరుగు లాంటివి తగినంత తినాలి, లేకపోతే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది.

## మొదటి వారాలు

ఎక్కడ మొదలుపెట్టాలి? అన్నం పూర్తిగా మానేయాలా?

మానక్కర్లేదు, తగ్గించాలి. మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో రోజుకు 2,000 కేలరీల నమూనా కంచం ఒకటుంది. అందులో బియ్యం, గోధుమలు, జొన్నలు వంటి ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు. మన ఇళ్లలో సరిగ్గా దీనికి తలకిందులుగా తింటాం. కంచం నిండా అన్నం, పక్కన రెండు గరిటెల కూర.

మొదటి వారం ఒక్క మార్పు చేయండి. కంచంలో కూర ముందు వడ్డించుకోండి, సగం కంచం దానికే. పప్పో, గుడ్డో, చికెనో పావు వంతు. మిగిలిన పావులో అన్నం. బీరకాయ, సొరకాయ, తోటకూర, గోంగూర మెహదీపట్నం, ఎర్రగడ్డ రైతు బజార్లలో సంచీ నిండా వస్తాయి. రాత్రికి జొన్న రొట్టె అలవాటున్న తెలంగాణ ఇళ్లకు పని ఇంకా సులువు. కాకపోతే జొన్న రొట్టె కదా అని నాలుగు తినకూడదు.

రెండో వారం చాయ్ సంగతి చూడండి. రోజుకు నాలుగు చాయ్‌లు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల చక్కెర అంటే ఎనిమిది చెంచాలు. దానికి ఉస్మానియా బిస్కెట్లు అదనం. ఆ ఎనిమిదిని మూడుకు తెస్తే మిగతా రోజంతా తిండి కాస్త అటూ ఇటూ అయినా నష్టం తక్కువ.

భోజనానికి ముందు ఎలాగూ ప్రార్థన చేస్తున్నాం కదా, అందులో మార్చడానికి ఏముంది?

వడ్డించుకున్నాక చేసే ప్రార్థనను వడ్డించుకోకముందు చేసి చూడండి. గిన్నెలన్నీ మూతలతో బల్ల మీద ఉంటాయి, కంచం ఖాళీగా ఉంటుంది. "ప్రభువా, ఈ ఆహారానికి వందనాలు, నాకు చాలినంత తీసుకునే మనసివ్వు" అని చెప్పి అప్పుడు గరిటె పట్టుకోండి. కంచం నిండిపోయాక ఆ మాట చెప్పినా దాన్ని పాటించే వీలుండదు. రెండోసారి వడ్డించుకోవాలనిపిస్తే పది నిమిషాలు ఆగండి, ఆ వ్యవధిలో ఇంట్లోవాళ్లతో మాట్లాడండి. కడుపు నిండిన సంగతి మెదడుకు చేరడానికి సుమారు ఇరవై నిమిషాలు పడుతుంది. టీవీ కట్టేసి తింటే ఇది బాగా తెలుస్తుంది.

నూనె తగ్గిస్తే ఇంట్లో ఎవరూ తినరు. ఎలా?

చెప్పకుండా తగ్గించండి. నూనె సీసా పట్టుకుని మూకుట్లోకి వంచే అలవాటు మానేసి, స్టీలు చెంచాతో కొలిచి వేయడం మొదలుపెట్టండి. ఒక పెద్ద చెంచా నూనెలో దాదాపు 120 కేలరీలుంటాయి. పోషకాహార సంస్థ నమూనా కంచంలో మనిషికి రోజుకు 27 గ్రాముల కొవ్వు ఉంది. ఆ లెక్కన నలుగురున్న ఇంటికి నెలకు మూడున్నర లీటర్లు. ఈ నెల ఎన్ని ప్యాకెట్లు కోశారో వంటగది క్యాలెండరు మీద గీతలు పెట్టండి. ఐదు, ఆరు గీతలు కనబడిన ఇంట్లో ఎవరితోనూ వాదించాల్సిన అవసరం రాదు. మా కూడికలో ఒక అక్క వంకాయ కూర ముందు ఆవిరి మీద మగ్గబెట్టి, చివర్లో రెండు చెంచాల నూనెతో పోపు పెడుతుంది. వాళ్లాయనకు తేడా తెలియలేదు.

దానియేలు కూరగాయలే తిన్నాడు. మనం కూడా మాంసం మానేయాలా?

దానియేలు మొదటి అధ్యాయంలో కూరధాన్యాలు, నీళ్లు తీసుకుంది రాజు భోజనంతో అపవిత్రం కాకూడదని. బరువు అక్కడ విషయమే కాదు. పది రోజుల తర్వాత ఆయనా, ఆయన ముగ్గురు స్నేహితులూ మిగతావాళ్లకన్నా కళగా కనబడ్డారు. పదో అధ్యాయంలో మూడు వారాలు మాంసం, ద్రాక్షారసం ముట్టనిది దుఃఖంలో ఉండి. రెండిటినీ కలిపి డైట్ చార్టుగా చేయడం మన కాలంలో వచ్చింది. తిరిగి లేచిన ప్రభువు నిప్పుల మీద చేపలు కాల్చి శిష్యులకు పెట్టాడు (యోహాను 21). చేపల పులుసు, స్కిన్ తీసిన చికెన్, గుడ్లు మంచివే. తగ్గించాల్సింది వేపుళ్లు, కొవ్వున్న మటన్, కూర పైన తేలే నూనె. శాకాహారమే తింటామంటే అదీ చక్కటి దారే. సెవెంత్ డే అడ్వెంటిస్టులనే క్రైస్తవ శాఖవాళ్ల మీద అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనంలో శాకాహారుల సగటు బీఎంఐ మాంసాహారులకన్నా తక్కువగా కనబడింది.

నడుద్దామంటే రోడ్లు బాగోలేవు, కుక్కలు, ట్రాఫిక్. ఏం చేయాలి?

వారానికి 150 నిమిషాల చురుకైన నడక ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కనీసం, అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. దగ్గర్లో ఉంటే సంజీవయ్య పార్కు, ఇందిరా పార్కు, పబ్లిక్ గార్డెన్స్, కేబీఆర్ పార్కు చుట్టూ ఉన్న బాట. లేకపోతే అపార్ట్‌మెంటు టెర్రస్, సెల్లార్. చాలామంది పదేసి నిమిషాలుగా మూడుసార్లు నడుస్తారు, అదీ లెక్కే. ఏప్రిల్, మే నెలల్లో ఏడు దాటకముందే ముగించండి. నడుస్తూ ఒక్కో రౌండుకి ఒక్కో కుటుంబం పేరు చెప్పి ప్రార్థించడం మా అలవాటు. ఈరోజు ఇంకా ఇద్దరి పేర్లు మిగిలాయంటే ఇంకో రెండు రౌండ్లు ఎవరూ చెప్పకుండానే నడుస్తారు.

క్రైస్తవులు యోగా చేయొచ్చా?

దీనిమీద సంఘాల్లో ఏకాభిప్రాయం లేదు. రోమా 14 చెప్పినట్టు ఎవరి మనస్సాక్షికి వాళ్లు జవాబుదారీ, చేసేవాళ్లూ చేయనివాళ్లూ ఒకరినొకరు తీర్పు తీర్చుకోవద్దు. బరువు తగ్గడానికి మాత్రం అది తప్పనిసరేమీ కాదు. నడక, మెట్లెక్కడం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిహేనుసార్లు లేచి కూర్చోవడం చాలు.

హైటెక్ సిటీలో నైట్ షిఫ్ట్. తెల్లవారుజామున ఆకలేసి ఏదో ఒకటి ఆర్డర్ పెట్టేస్తాను. నాలాంటివాళ్ల సంగతేంటి?

ఆకలేస్తుంది, సహజం. దాన్ని తప్పుగా చూడకండి. డ్యూటీకి వెళ్లేముందు ఇంట్లో సరైన భోజనం చేసి, రాత్రి రెండింటికి తినడానికి డబ్బా పట్టుకెళ్లండి. ఉడకబెట్టిన సెనగలు, రెండు గుడ్లు, పెరుగు, ఒక జామకాయ. డబ్బా ఉన్న రాత్రి ఫోన్‌లో ఆర్డర్ చేయడం తగ్గుతుంది. పగటి నిద్ర ఏడు గంటలకు తగ్గకుండా కిటికీకి మందపాటి కర్టెన్ వేయించుకోండి, ఎందుకంటే నిద్ర తగ్గితే మర్నాడు ఆకలి పెరుగుతుంది. ఆదివారం ఆరాధనకు నిద్రలేకుండా వస్తున్నామని కొందరు బాధపడుతుంటారు. సాయంత్రం ఆరాధన ఉన్న సంఘాలు నగరంలో చాలా ఉన్నాయి.

## ఉపవాసం, లెంట్, ప్రభు బల్ల

ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఉంటున్నాను. అయినా బరువు తగ్గట్లేదు, ఎందుకు?

ఉపవాసం ముగిసిన తర్వాతి గంటను ఒక్కసారి గమనించండి. పొద్దున్న టిఫిన్ లేదు, ప్రార్థన మధ్యాహ్నం రెండింటిదాకా సాగింది. బయట షామియానా కింద పులిహోర బేసిన్, చికెన్ బిర్యానీ, అరటిపళ్లు, ఎవరిదో పుట్టినరోజు కృతజ్ఞతగా మైసూర్‌పాక్. ఆకలి మీద రెండు ప్లేట్లు పట్టుకుపోతాయి. ఇంటికెళ్లి పడుకుంటాం, లేచి చాయ్, బిస్కెట్లు. మానేసిన టిఫిన్‌కన్నా రెట్టింపు లోపలికి వెళ్లింది.

ముందు ఒక గ్లాసు మజ్జిగ, ఒక పండు తీసుకుని పావుగంట ఆగి, ఒక ప్లేటు తినండి. వంట బాధ్యత మీదైతే పులిహోరకు తోడు పెసరపప్పు, కీరదోస, క్యారెట్ తురుముతో చేసే కోసంబరి పెట్టండి. ఖర్చు పెరగదు. యెషయా 58లో దేవుడు కోరుకున్న ఉపవాసం ఆకలిగొన్నవాళ్లకు మన ఆహారం పంచేది. మానేసిన టిఫిన్ ఖరీదును ఆ రోజే ఒకరి భోజనానికి ఇచ్చేవాళ్లు మా సంఘంలో ఉన్నారు.

బరువు తగ్గాలని ఉపవాసం చేస్తే అది ఉపవాసం కిందికి వస్తుందా?

రెండిటినీ విడిగా ఉంచితే మనసుకు మేలు. పదహారు గంటలు తినకుండా ఉండే పద్ధతి ఒక ఆహార నియమం, దానికి ఆ పేరే ఉంచండి. ప్రార్థన కోసం ఉండేది దేవుడి కోసం ఖాళీ చేసిన సమయం. మెథడిస్టుల మూలపురుషుడు జాన్ వెస్లీ బుధ, శుక్రవారాల్లో ఉపవాసముండేవారు, అది ఆయన ప్రార్థనా క్రమంలో భాగం. ఉపవాసం విరమించగానే మొదట గుర్తొచ్చేది వెయిట్ మిషన్ అయితే ఆ నెల తిండి బదులు ఫోన్‌కి ఉపవాసం పెట్టండి.

షుగరు ఉంది. లెంట్ (ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస దినాలు) నలభై రోజులూ ఒంటిపూట ఉండొచ్చా?

డాక్టరుతో మాట్లాడకుండా ఉండొద్దు. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ లాంటివి తీసుకుని తినకపోతే షుగరు పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండెదడ, తికమక కనబడితే, మీటరులో 70 కన్నా తక్కువ చూపిస్తే, అక్కడికక్కడే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి, పావుగంటకు మళ్లీ చూసుకోవాలి. ప్రార్థన మధ్యలో ఉన్నా సరే. పేరులో గ్లిఫ్లోజిన్ అని ఉండే మాత్రలు వాడేవాళ్లకు సుదీర్ఘ ఉపవాసంలో వేరే ప్రమాదం ఉంది, రక్తంలో ఆమ్లం పెరిగిపోవచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ జబ్బున్నవాళ్లు కూడా ఉండకూడదు.

కతోలిక సంఘం నియమం చూసినా భస్మ బుధవారం, గుడ్ ఫ్రైడే రెండు రోజులే కచ్చితమైన ఉపవాసం, అది కూడా 18 నుంచి 59 ఏళ్ల మధ్యవారికి, ఒక పూట నిండు భోజనంతో. షుగరున్నవాళ్లు నలభై రోజులూ స్వీట్లు, కూల్‌డ్రింకులు, వేపుళ్లు వదిలేయండి. వేళకు తింటూనే లెంట్ పాటించినట్టవుతుంది.

ప్రభు బల్ల (ఆరాధనలో ఇచ్చే రొట్టె, ద్రాక్షారసం) తీసుకునేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టొద్దని అత్తగారు అంటారు. షుగర్ మాత్ర వేసుకునేది ఎలా?

అత్తగారి భక్తిని గౌరవించండి, మాత్ర, టిఫిన్ మాత్రం వేళకు కానివ్వండి. ఆ నియమం బైబిల్లో లేదు. కతోలిక సంఘంలో కూడా ఇప్పుడు గంట ముందు మాత్రమే తినకూడదు, రోగులకు, వృద్ధులకు అదీ లేదు, మంచినీళ్లకు, మందులకు అభ్యంతరమే లేదు. ఈ మాట మీరు చెబితే ఎదురు మాట్లాడినట్టుంటుంది. పాస్టరు గారు ఇంటికొచ్చినప్పుడు ఆయన చేత చెప్పించండి.

మా అమ్మాయి ఉపవాసం అంటూ తరచూ తిండి మానేస్తోంది. భక్తి అనుకుని ఊరుకోనా?

ఊరుకోవద్దు. బాగా చిక్కిపోవడం, నెలసరి ఆగడం, తిన్నవెంటనే బాత్రూంలోకి వెళ్లడం, సన్నగా ఉన్నా లావుగా ఉన్నాననడం కనబడితే అది జబ్బు కావచ్చు. తిట్టకుండా, తిండి గురించి వేళాకోళం చేయకుండా డాక్టరు దగ్గరికి, మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలీ మానస్ నంబరు 14416లో తెలుగులో మాట్లాడొచ్చు. కోలుకునేదాకా ఉపవాసాలు వద్దని పాస్టరు గారి నోటివెంట ఆమె వినడం ఎంతో మేలు చేస్తుంది.

## విందులు, ఇల్లు, చుట్టుపక్కల మాటలు

ఆదివారం బిర్యానీ మానేస్తేనే తగ్గుతానా?

హైదరాబాద్‌లో ఉండి ఆ నియమం పెట్టుకుంటే నెల తిరక్కుండా తెగిపోతుంది. వారంలో ఆ ఒక్క పూటే తినండి. ఒక ప్యాకెట్ ఇద్దరు ముగ్గురు పంచుకోండి, ముక్కలు, రైతా, ఉల్లి, కీర ఎక్కువగా, అన్నం ఒక ప్లేటుకి మించకుండా. పక్కన కూల్‌డ్రింక్ వద్దు. 300 మిల్లీలీటర్ల సీసాలో దాదాపు 30 గ్రాముల చక్కెర ఉంటుంది. డబల్ కా మీఠా ఉంటే రెండు చెంచాలు. రాత్రికి తేలిగ్గా ఏదైనా తినండి.

క్రిస్మస్ క్యారల్స్‌లో ప్రతి ఇంట్లో కేకు, చాయ్ పెడతారు. వద్దంటే ఏమనుకుంటారో!

ఒక రాత్రికి పన్నెండు ఇళ్లు, పన్నెండు పళ్లేలు. ప్లమ్ కేకు, గులాబీ పువ్వులు, కారప్పూస, అరిసెలు, మూడో ఇంటికే చాయ్ మూడోసారి. మొదట్లోనే నిర్ణయించుకుని వెళ్లండి: రెండు ఇళ్లలో తింటాను, మిగతా చోట్ల నీళ్లు. "అమ్మా, ఇప్పుడే పక్కింట్లో తిన్నాం, మీ చేతి అరిసె రేపు ఇంటికి పట్టుకెళ్తాను" అంటే ఎవరూ నొచ్చుకోరు. క్యారల్స్ నాయకుడు ముందే ఇళ్లవాళ్లకు ఫోన్ చేసి, ఈసారి బత్తాయిలు, వేరుసెనగలు పెట్టమంటే ఇంకా మంచిది. ఆతిథ్యమిచ్చే అమ్మలకూ వంట శ్రమ తగ్గుతుంది.

పిల్లలు కంచంలో వదిలేసింది పారేస్తే పాపమని నేనే తినేస్తాను. తప్పా?

అన్నం విలువ తెలిసిన పెద్దల దగ్గర పెరిగినవాళ్లం. 1924లో పూర్తయిన మెదక్ చర్చి కరువులో ఆకలితో ఉన్నవాళ్లకు పని కల్పించి కట్టించిందని చిన్నప్పుడు వినే ఉంటారు. మెతుకు పారేయలేకపోవడం మంచి గుణమే. ఐదువేల మందికి పెట్టాక ప్రభువు మిగిలిన ముక్కలు పోగుచేయమన్నాడు, పన్నెండు గంపలు నిండాయి. వాటిని అక్కడికక్కడే తినేయమని శిష్యులకు చెప్పలేదు. పిల్లలకు మొదట సగమే వడ్డించండి, అడిగితే మళ్లీ పెట్టండి. మిగిలింది డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. కడుపు నిండిన అమ్మ తిన్నా అది వృథా అయినట్టే.

చర్చి గుమ్మం దగ్గరే "ఏంటి ఇంత లావయ్యావు" అంటారు. రావాలంటేనే భయం.

మీ తప్పు కాదు, అనేవాళ్లు మానాలి. "ప్రార్థన చేయండి ఆంటీ, ఈ మాట వింటే నాకు బాధగా ఉంటుంది" అని నెమ్మదిగా ఒక్కసారి చెప్పండి. సంఘ పెద్దలకు నా విన్నపం ఇది: ఒంటి మీద వ్యాఖ్యలు మన పలకరింపుల్లోంచి పూర్తిగా పోవాలి. పెళ్లికాని ఆడపిల్లలు ఈ ఒక్క మాట వల్ల యూత్ మీటింగులకు దూరమవుతున్నారు.

మా సంఘంలో ఒకరు సాక్ష్యం చెప్పి, బరువు తగ్గే పొడి డబ్బాలు అమ్ముతున్నారు. కొనొచ్చా?

ఆరాధనలో అమ్మకం కలిసినప్పుడు అడుగు వెనక్కి వేయండి. భోజనం బదులు పొడి తాగితే కేలరీలు తగ్గి కొన్నాళ్లు బరువు తగ్గుతుంది, ఆపగానే పాత తిండి, పాత బరువు. అదే డబ్బుకు ఇంటిల్లిపాదికీ గుడ్లు, పప్పులు, పళ్లు వస్తాయి.

## జారిపోయినప్పుడు, తగ్గాక

నిన్న రాత్రి మళ్లీ ఇష్టమొచ్చినట్టు తిన్నాను. దేవుడికి మొహం ఎలా చూపించను?

ఇప్పుడే, ఇలాగే చూపించండి. ఏం జరిగిందో ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పండి: ఎప్పుడు, ఎక్కడ, దానికి ముందు మనసులో ఏముంది. ఆ జవాబుల్లోనే తర్వాతిసారికి కావలసింది దొరుకుతుంది. తిన్నదానికి శిక్షగా ఈరోజు పస్తుండొద్దు, సాయంత్రానికి ఆకలి ముదిరి మళ్లీ అదే జరుగుతుంది. టిఫిన్ మామూలుగా చేయండి, మామూలుగా నడవండి. గలతీ 5లో ఆశానిగ్రహం ఆత్మ ఫలాల్లో చివరిది. ఫలం కాయడానికి కాలం పడుతుంది.

బాధ కలిగినప్పుడల్లా తింటాను. ప్రార్థించినా ఆ కోరిక పోవట్లేదు.

మొదటి రాజులు 19లో ఏలీయా ప్రవక్త చచ్చిపోతానన్నంత నిరాశలో చెట్టు కింద పడుకున్నాడు. దేవదూత ఆయన్ని గద్దించలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చి మళ్లీ పడుకోనిచ్చాడు, ఇంకోసారి లేపి తినిపించాడు. దేవుడు ఆయనతో మాట్లాడింది ఆ తర్వాతే. మీరు కూడా ముందు చూసుకోండి: ఈరోజు వేళకు తిన్నానా, నిద్రపోయానా, ఎవరితోనైనా మాట్లాడానా? కోరిక వచ్చినప్పుడు ఫ్రిజ్ తెరవకముందు ఒక మనిషికి ఫోన్ చేయండి. ఎవరికి చేయాలో ముందే మాట్లాడి పెట్టుకోండి. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే మానసిక వైద్యుల్ని కలవాలి, ప్రార్థనతో పాటే.

రెండు నెలలుగా మిషన్‌లో అంకె కదలట్లేదు. దేవుడు నా ప్రార్థన వినట్లేదా?

వింటున్నాడు. బరువు తగ్గేకొద్దీ ఒంటికి కావలసిన కేలరీలూ తగ్గుతాయి, మొదటి నెలలో సరిపోయిన కొలత ఇప్పుడు సరిపోదు. కొలతలు కూడా మెల్లగా సడలి ఉంటాయి, ఒక వారం తిన్నదంతా రాసి చూడండి. వారానికి అరకిలో మంచి వేగం, నెలకు కిలో అయినా పరవాలేదు. 80 కిలోల మనిషి నాలుగు కిలోలు తగ్గితేనే బీపీ, షుగర్లలో మేలు కనబడటం మొదలవుతుంది. నడుం టేపు, బీపీ రీడింగు, మెట్లెక్కితే వచ్చే ఆయాసం కూడా చూసుకోండి.

పన్నెండు కిలోలు తగ్గితే సాక్ష్యం చెప్తానని మొక్కుకున్నాను. ఎలా చెప్పాలి?

చెప్పండి. పాత ఫోటో, కొత్త ఫోటో తెర మీద వేయకుండా చెప్పండి, ఎందుకంటే ఎదురుగా కూర్చున్నవాళ్లలో తగ్గలేకపోతున్నవాళ్లు ఉంటారు. కిలోల బదులు ఇప్పుడు మోకరించగలగడం, మనవడితో నడవగలగడం, మాత్ర మోతాదు తగ్గడం చెప్పండి. మధ్యలో ఎన్నిసార్లు ఆగిపోయారో, ఎవరు చేయి పట్టుకుని లేపారో చెప్పండి. పన్నెండు చేరకుండా తొమ్మిది దగ్గరే నిలిచినా కృతజ్ఞత చెప్పొచ్చు.

మా సంఘంలో ఇలాంటి గుంపు మొదలుపెట్టాలంటే ఏం కావాలి?

ఆరుగురు నుంచి పదిమంది, ఒక వాట్సాప్ గ్రూపు, పాస్టరు గారి అనుమతి. స్త్రీలకు, పురుషులకు విడివిడిగా ఉంటే మాట్లాడటం తేలిక. బరువు అందరి ముందు చూడొద్దు, అంకెలు గ్రూపులో పెట్టొద్దు. ఎవరి పుస్తకంలో వాళ్లు రాసుకుంటారు. కలిసినప్పుడు అరగంట నడక, ఒక వాక్యం, ఈ వారం ఏది కుదిరింది, ఏది కుదరలేదు అని ఒక్కొక్కరు రెండు నిమిషాలు, ప్రార్థన. సంఘంలో నర్సులు, డాక్టర్లు ఉంటే మూడు నెలలకోసారి బీపీ, షుగర్ చూడమని అడగండి, సంతోషంగా వస్తారు. రెండు వారాలు రానివాళ్లకు ఫోన్ చేసే బాధ్యత ఒకరికి అప్పగించండి. ఆ ఫోన్‌లో బరువు ప్రస్తావన తేవొద్దు. బాగున్నారా, శనివారం ఆరింటికి గేటు దగ్గర ఉంటాం రండి అని చెప్పి పెట్టేయాలి.